పికప్‌లు మార్చాలా, వద్దా?

నా ఎలక్ట్రిక్ గిటార్‌కి కొత్త పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే అయస్కాంత భాగాలు) వేయించాలని చాన్నాళ్లుగా మనసు లాగుతోంది. దాని నెక్ నా చేతికి బాగా అలవాటైపోయింది, వేరే గిటార్ మాటే లేదు. కానీ సౌండ్ మందంగా ఉంది, కార్డ్ కొడితే తీగలన్నీ కలిసిపోతున్నాయి.

కొనేముందు కొత్త తీగలు వేసి, లావు తీగల వైపు పికప్‌ని కాస్త కిందికి దించాను. అయస్కాంతం మరీ దగ్గరైతే తీగ కంపనాన్నే లాగేస్తుంది, స్వరం వణుకుతుంది. దించగానే ఒక్కో తీగ విడిగా పలికింది. ఎంత సంతోషమేసిందో!

వెనక ప్లేట్ తీసి చూస్తే నా హంబకర్లకు (రెండు కాయిల్స్ ఉండే పికప్‌లకు) 250 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్‌లు, అంటే వాల్యూమ్ నాబ్ కింద ఉండే రెసిస్టర్లు, ఉన్నాయి. మామూలుగా వీటికి 500 వేస్తారు. విలువ తగ్గితే హై ఫ్రీక్వెన్సీలు ఎక్కువగా గ్రౌండ్‌కి పోయి, సౌండ్‌లో పదును తగ్గుతుంది. ఆ మందానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. 1955లో గిబ్సన్ గిటార్ కంపెనీలో సెత్ లవర్ రెండు కాయిల్స్‌లోని హమ్ (కరెంటు హోరు) ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా తయారుచేసిన డిజైన్ ఈ హంబకర్. ఆ ఆలోచనంటే నాకు ఇప్పటికీ అబ్బురమే. దాన్ని పూర్తిగా పలకనివ్వకుండానే తీసిపారేయడానికి మనసొప్పలేదు.

ఇక శ్రుతి సంగతి. బెండ్ చేశాక, అంటే తీగను వేలితో పక్కకు లాగి వదిలాక, మూడో తీగ శ్రుతి తప్పుతోంది. అందరూ ట్యూనర్లనే (తీగ బిగించే మరలనే) అనుమానిస్తారు గానీ, ఎక్కువసార్లు తీగ పట్టేసేది నెక్ పై చివర తీగలు ఆనే నట్ గాడిలోనే.

అందుకే ఇప్పుడు పాట్‌లు, నట్ మాత్రం మారుస్తున్నాను. పికప్‌ల సంగతి ఆ తర్వాత చూద్దాం. పాట్‌లు మాత్రమే మార్చినవాళ్లు మీలో ఉంటే, ఎంత తేడా వచ్చిందో చెప్పండి.