జడ్జి కుర్చీ దిగాక మధ్యవర్తిత్వం: నా అనుభవం

జూనియర్ సివిల్ జడ్జిగా చేరిన రోజు నుంచి జిల్లా జడ్జిగా పదవీ విరమణ చేసేదాకా నేను తప్పని నియమం ఒకటుంది. రెండో పక్షం లేకుండా మొదటి పక్షంతో కేసు గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. పెళ్లి భోజనంలో పక్కన కూర్చున్న వకీలు దావా ఊసెత్తితే, విస్తరి ముందు నుంచి లేచి వచ్చిన సందర్భం కూడా ఉంది. మధ్యవర్తి తీర్పు చెప్పడు, ఒక్కో పక్షంతో విడిగా మాట్లాడి రాజీ కుదరడానికి సాయపడతాడు. అందుకే మధ్యవర్తిగా మారాలంటే సరిగ్గా ఆ నియమాన్నే వదులుకోవాల్సి వచ్చింది.

దావాలను కోర్టు బయట రాజీకి పంపే వీలు కల్పించే సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ 2002 జూలై నుంచి అమల్లో ఉంది. దాని కింద నేనే ఎన్నో దావాలను మధ్యవర్తిత్వానికి పంపాను. నిజం చెప్పాలంటే, పాత దావాల దొంతర తగ్గుతుందన్న ఆశతో పంపినవే ఎక్కువ. ఆ గదిలో ఏం జరుగుతుందో చూడాలని ఒక్కసారీ అనిపించలేదు.

మధ్యవర్తి కావాలంటే నలభై గంటల శిక్షణ. జడ్జిగా చేసినవాడికి ఇదెందుకు అనుకుంటూనే వెళ్లాను. రెండో రోజు ఉత్తుత్తి కేసు ఒకటి ఇచ్చి నన్ను మధ్యవర్తిగా కూర్చోబెట్టారు. పది నిమిషాలైనా గడవకముందే జడ్జిలా కాగితం మీద ఇష్యూలు, అంటే తేల్చాల్సిన వివాదాంశాలు, రాసుకోవడం మొదలుపెట్టాను. "దీనికి ఆధారం ఏమిటి?" అని, అద్దెదారు పాత్ర వేసిన కుర్ర వకీలును నిలదీశాను కూడా. శిక్షకురాలు నా చేతిలోని పెన్ను మెల్లగా తీసుకుని బల్ల అవతల పెట్టారు. నాకు కోపం వచ్చింది. ఆవిడ నాకంటే ఇరవై ఏళ్లు చిన్న.

మొదట్లో వచ్చిన కేసుల్లో ఒకటి అన్నాచెల్లెళ్ల భాగపంపిణీ దావా. గదిలో విన్నది బయట చెప్పకూడదు కనుక ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తరువాత ఆమె వాటా గురించి పెద్దగా వాదించడానికి ఏమీ లేదు. ఎవరి వాటా ఎంతో తేల్చే ప్రాథమిక డిక్రీ ఇవ్వడం తేలికే. ఆ తరువాత ఆస్తి పంపకానికి కోర్టు నియమించే కమిషనరు, కొలతలు, తుది డిక్రీ, అప్పీలు... అక్కడ గడిచిపోతాయి ఏళ్లు.

చెల్లెలిని విడిగా కూర్చోబెట్టి తలుపు వేసినప్పుడు ఏదో తప్పు చేస్తున్నట్టే అనిపించింది. "నాకా ఇల్లు ఎందుకండీ? డబ్బు ఇస్తే చాలు, కొంచెం కొంచెంగా ఇచ్చినా సరే. ఈ మాట అన్నయ్యకు చెప్పకండి, అలుసైపోతాను" అంది. ఆ తరువాత అన్న వచ్చాడు. "వాటా సొమ్ము ఇస్తాను గానీ ఒక్కసారిగా తేలేను సార్. అప్పుల్లో ఉన్నానని చెల్లెలికి తెలియనివ్వకండి" అన్నాడు.

రెండు మాటలూ అతికినట్టు సరిపోయాయి. ఆ సంగతి ముగ్గురిలో నాకొక్కడికే తెలుసు, నోరు విప్పడానికి మాత్రం వీల్లేదు. జడ్జిగా ఉండగా ఏ కేసూ నా నిద్ర చెడగొట్టలేదు. ఈ కేసు వారం రోజులు చెడగొట్టింది.

రెండో సిట్టింగులో అన్నను ఒకటే అడిగాను. "ఆ మాట మీరే చెబుతారా, నన్ను చెప్పమంటారా, అసలు వద్దా?" అతను చాలాసేపు కండువా అంచు నలుపుతూ కూర్చుని, "నేనే చెబుతాను" అన్నాడు. చెప్పాడు. ఆమె తల ఎత్తకుండానే, "అప్పు సంగతి నాకెప్పుడో తెలుసు అన్నయ్యా" అంది.

పది వాయిదాల్లో చెల్లింపు అని ఒప్పందం రాశాం. 'వాయిదా' అనే మాట సంతోషంగా రాయడం నాకదే మొదలు.

అన్నీ ఇలా కుదరవు. 2023 మధ్యవర్తిత్వ చట్టం పెట్టిన గడువు 120 రోజులు, పక్షాలు ఒప్పుకుంటే మరో 60. మొన్న ఒక దావాను ఉత్త చేతులతోనే కోర్టుకు తిప్పి పంపాల్సి వచ్చింది. 'రాజీ కుదరలేదు' అని ఒకే వాక్యం. ఎవరు మొండికేశారో నాకు తెలుసు, అది రాయకూడదు. సంతకం పెట్టి, నలభై పేజీల తీర్పులు రాసిన అలవాటు కొద్దీ కాగితం తిప్పి చూశాను.