శుక్రవారం రాత్రి, టెక్సాస్

ఇక్కడ శుక్రవారం రాత్రుళ్లు ఆడే హైస్కూల్ ఫుట్‌బాల్ అంటే కాలిబంతి కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఢీకొట్టుకునే ఆట. డల్లాస్ శివారు అలెన్‌లో స్కూలు స్టేడియానికి 18,000 సీట్లు! 2012లో దాదాపు 6 కోట్ల డాలర్లు పోసి తెరిచారు. రెండేళ్లు తిరక్కుండానే కాంక్రీటు బీటలిచ్చి 2014 సీజనంతా తాళం పడింది.

నాకైతే బుల్లి ఊళ్ల ఆటే ముద్దు. పదకొండు మంది పిల్లలు దొరకరు కాబట్టి ఆరుగురే ఆడతారు. మైదానం 80 గజాల పొడవు, 40 వెడల్పు. ఫస్ట్ డౌన్‌కి, అంటే బంతి ముందుకు తీసుకెళ్లే నాలుగు అవకాశాలు మళ్లీ దక్కడానికి, 10 కాదు, 15 గజాలు కావాలి. సగం ఆట అయ్యాక 45 పాయింట్ల తేడా వస్తే అక్కడికక్కడే ఆపేస్తారు.

ఆగస్టు ఎండలో ప్రాక్టీసు. మొదటి రెండు రోజులు హెల్మెట్ మాత్రమే, ప్యాడ్లు తర్వాత. ఒంటికి వేడి అలవాటు పడాలిగా. హెల్మెట్ పుర్రె పగలకుండా కాస్తుంది, లోపల మెదడు అదరడాన్ని ఆపలేదు. తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం వచ్చినా ఆ రోజుకి బయటే. మళ్లీ దిగాలంటే డాక్టరు రాసివ్వాలి.

ఒక్క సబ్జెక్టులో నూటికి 70 మార్కుల కన్నా తగ్గినా ఆట బంద్, కనీసం మూడు వారాలు. స్కూలు వాద్యబృందం (బ్యాండ్) పోటీలకెళ్లే మన పిల్లలకీ ఇదే రూలు. ఇది తెలియక కంగారుపడే అమ్మానాన్నలు ఎందరో.

పాత విద్యార్థుల్ని స్కూలుకి ఆహ్వానించే హోమ్‌కమింగ్ వేడుక రోజున అమ్మాయిలు గుండెల మీద చేమంతి తగిలించుకుంటారు. ఇప్పుడది గుడ్డ పువ్వు. దాన్నుంచి మోకాళ్ల దాకా రిబ్బన్లు, వాటికి గంటలు. నడిస్తే గలగల.