పాట ఆగిపోయిందనుకున్నా

జర్మనీలోని డూయిస్‌బుర్గ్‌లో ఎం.ఎస్. చదివే రోజుల్లో పక్కనున్న ఎస్సెన్‌లో ఒక గోడౌన్‌లో సాయంత్రం షిఫ్టు చేసేవాణ్ణి. అది అయ్యేసరికి రాత్రి పదకొండు, అట్టపెట్టెలు సర్ది సర్ది నడుం పట్టేసేది, ఎస్-1 లోకల్ రైలెక్కి కిటికీకి తల ఆనించుకుని ఏదో ఒకటి వింటూ గదికి చేరేవాణ్ణి. ఓ నవంబర్ రాత్రి, క్లాస్‌మేట్ ఒకడు పంపిన లింకు తెరిచా. సన్నగా ఏదో హోరు, డ్రమ్ము మీద ఒక దెబ్బ, అంతే. నెట్ పోయిందేమోనని జేబులోంచి ఫోన్ తీసి చూస్తే పాట నడుస్తూనే ఉంది. అప్పుడు పడింది రెండో దెబ్బ.

ఆ బృందం పేరు బోరెన్ ఉంట్ డేర్ క్లబ్ ఆఫ్ గోర్. నేను విన్నది 2002లో వచ్చిన 'బ్లాక్ ఎర్త్' ఆల్బమ్. ఈ తరహాని డార్క్ జాజ్ అంటారు, కొందరు డూమ్ జాజ్ అంటారు, పేరేదైనా సంగతి ఒకటే: జాజ్ కచేరీలో అందరూ లేచి వెళ్లిపోయాక, కుర్చీలు బోర్లించాక, ఇంకా ఎవరో వాయిస్తున్నట్టు ఉంటుంది. తమాషా ఏమిటంటే వీళ్లు మొదట్లో హార్డ్‌కోర్, మెటల్ అనే గోలగోల రాక్ సంగీతం వాయించిన కుర్రాళ్లు. బ్లాక్ సబ్బాత్ అనే మెటల్ బృందమంటే ప్రాణం. ఆ మెటల్‌లో ఉండే బరువుని అలాగే ఉంచేసి, గిటార్ గోలని మాత్రం పక్కకి నెట్టేశారు, 1997లో సాక్సొఫోన్ వాయించే క్రిస్టోఫ్ క్లోజర్ వచ్చి చేరాడు. అందుకేనేమో, ఇది ఎంత మెత్తగా ఉన్నా హోటల్ లాబీలో పెట్టే జాజ్‌లా జోకొట్టదు. లోపల ఏదో కాచుక్కూర్చున్నట్టే ఉంటుంది.

ఇందులో నన్ను పట్టేసింది సాక్సొఫోన్ అనుకునేవాణ్ణి. (అప్పటిదాకా నాకు సాక్సొఫోన్ అంటే కద్రి గోపాలనాథ్ గారే, పెళ్లి వీడియోల్లో కూడా ఆయన కృతులే.) కాదు, ఖాళీ. డ్రమ్ము మీద కర్రతో కొట్టరు, తీగల బ్రష్‌తో తుడుస్తారు, ఇల్లు ఊడ్చే చప్పుడంత నెమ్మదిగా. రోడ్స్ అనే ఎలక్ట్రిక్ పియానోలో తీగలుండవు, చిన్న సుత్తి వెళ్లి సన్నటి లోహపు కడ్డీని తాకుతుంది, అందుకే ఆ స్వరం గంటలా మొదలై పొగలా ఆరిపోతుంది. ఆరిపోయేదాకా వీళ్లు ఆగుతారు. మామూలు పాటలో తర్వాతి స్వరం వచ్చి ముందుదాన్ని కప్పేస్తుంది కదా, ఇక్కడ ప్రతి స్వరమూ చచ్చిపోవడం పూర్తిగా వినాలి. ఆ ఖాళీలో మనసు ఊరుకోదు, తనే ఏదో బొమ్మ గీసుకుంటుంది, తడి రోడ్డో, లైటు వెలిగిన ఒంటరి కిటికీయో. సినిమాలా ఉంది అని అందరూ అనేది దీన్నే అని నా లెక్క. సినిమా వాళ్లు తియ్యలేదు, మనమే తీసుకున్నాం.

అన్నట్టు, పాత నలుపు తెలుపు క్రైమ్ సినిమాల్లో ఇలాంటి సంగీతమే ఉండేదని చాలామంది అనుకుంటారు. 1940ల హాలీవుడ్‌లో అలాంటి సినిమాలకి ఎక్కువగా వాయించింది పెద్ద ఆర్కెస్ట్రాలు. వానలో ఒంటరి సాక్సొఫోన్ అనేది తర్వాతి తరాలు పెట్టిన తాలింపు. దీనికి నిజంగా దగ్గరి చుట్టం 1957 డిసెంబర్‌లో పారిస్‌లో జాజ్ కళాకారుడు మైల్స్ డేవిస్ చేసిన పని. లూయీ మాల్ తీసిన సినిమాలో నటి జాన్ మోరో రాత్రి షాంజెలిజే వీధిలో ప్రియుణ్ణి వెతుక్కుంటూ నడుస్తుంది, ముఖం మీద పడే వెలుగంతా దుకాణాల అద్దాలదే. ఆ దృశ్యాలు తెర మీద వేసుకుని చూస్తూ డేవిస్ అప్పటికప్పుడు ట్రంపెట్ ఊదాడు. అక్కడ బొమ్మ ముందు, పాట తర్వాత. బోరెన్ వాళ్ల దగ్గర బొమ్మే లేదు.

ఇప్పుడు యూట్యూబ్‌లో డార్క్ జాజ్ అని కొడితే ఎనిమిది గంటల వీడియోలు వస్తాయి, వాన చప్పుడు, పాత రికార్డు చిరచిరలు, కిటికీ దగ్గర కాఫీ కప్పు. పనిచేసుకుంటూ వినడానికి పనికొస్తాయి, నేనూ పెడతా. కానీ బొమ్మ వాళ్లే గీసిచ్చేశాక నాకింక చెయ్యడానికేం మిగల్లేదు.

చాలా రోజుల తర్వాత తెలిసింది, ఈ బృందానిది మ్యూల్‌హైమ్ అని. నా రైలు రోజూ ఆగే స్టేషన్! డూయిస్‌బుర్గ్‌కీ ఎస్సెన్‌కీ మధ్యలో, ఒక నిమిషం ఆగి పోయేది, నేను ఒక్కసారి కూడా దిగలేదు. న్యూయార్కో పారిసో అనుకుని వాళ్ల పాటల్లో వీధులు ఊహించుకుంటున్నా, తీరా అవి రోజూ నేను చూస్తున్న వీధులే. ఆ చుట్టుపక్కలదంతా బొగ్గు, ఉక్కు దేశం. రూర్ అనే ఆ ప్రాంతంలో చివరి బొగ్గు గని 2018 డిసెంబర్‌లో బోట్రోప్‌లో మూతపడింది, నేను వెళ్లేసరికి దాని ముచ్చట్లే మిగిలాయి. తొమ్మిది దాటితే రోడ్డు మీద మనిషి ఉండడు, కబాబ్ కొట్టువాడు షట్టర్ దించుతుంటే ఆ చప్పుడు రెండు వీధుల అవతలకి వినపడుతుంది.

ఓసారి గదిలో స్పీకర్లో పెట్టా. గుంటూరు రూమ్మేట్ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చాడు. "ఎవరు పోయార్రా?" అన్నాడు. నేను నవ్వాపుకోలేక ఫోన్ వాడి ముందు పెట్టా. మోగుతున్నది వాళ్ల 2011 రికార్డు, పేరు 'బైలైడ్'. జర్మన్‌లో సంతాపం అని అర్థం. వాడు అది చదివి, "మరి పప్పు దించేదాకా ఆపు" అని వెళ్లిపోయాడు.