డౌట్ అడిగితే కోపమెందుకు?

"నా లెక్క మీద మీకెందుకంత అనుమానం?" అని మేనేజరు మొహం మాడ్చుకుంటే, ఇంగ్లండుకు కొత్తగా వచ్చిన మనవాళ్లకు ఏం తప్పు చేశామో తోచదు. అన్నదల్లా "ఐ హ్యావ్ ఎ డౌట్" అనే. అదీ క్లాసులో మాస్టారిని అడిగినంత వినయంగా.

ఇక్కడ డౌట్ అంటే అర్థం కాకపోవడం కాదు, నమ్మకం కుదరకపోవడం. "ఐ హ్యావ్ డౌట్స్ అబౌట్ దిస్ డిజైన్" అంటే ఈ డిజైను పనికొస్తుందని నాకనిపించడం లేదని మొహాన చెప్పినట్టే. "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అనాలి. ఏ ముక్క అర్థం కాలేదో కూడా చెప్పాలి: "కుడ్ యూ గో ఓవర్ ద సెకండ్ స్టెప్ అగైన్?" అంటే ఎవరూ నొచ్చుకోరు, జవాబూ సూటిగా వస్తుంది.

అలాగని మనది తప్పుడు ఇంగ్లీషంటే నేనొప్పుకోను. సందేహం అన్న మాటలో మనకు రెండర్థాలూ ఉన్నాయి, డౌటూ అలాగే స్థిరపడింది. "డౌట్లుంటే అడగండి" అని వింటూ పెరిగిన కోట్లమందికి అందులో ఏ అమర్యాదా లేదు. మనం రాస్తే ఇంగ్లండువాళ్లు నవ్వే "డూ ద నీడ్‌ఫుల్" (కావలసింది చేయండి అని) ఒకప్పుడు వీళ్ల ఉత్తరాల్లోదే. వీళ్లు వదిలేశారు, మనం ఉంచుకున్నాం. కానీ జీతం ఇక్కడ, పని ఇక్కడ. వినేవాడికి ఏం చేరుతుందన్నదే చూసుకోవాలి.

సాఫ్ట్‌వేర్ టీముల్లో "రివర్ట్"తో అసలైన నష్టం ఉంది. "ఐ విల్ రివర్ట్ బై ఈవినింగ్" అని మనం జవాబిస్తామన్న ఉద్దేశంతో రాస్తాం. కోడులో మార్పుల లెక్క ఉంచే గిట్‌లో రివర్ట్ అంటే చేసిన మార్పును రద్దు చేయడం. చదివినవాళ్లు రిలీజు ఆపేసి కూర్చోవచ్చు. "ఐ విల్ రిప్లై" చాలు.

వాళ్ల మాటలూ మనం తూచుకోవాలి. బ్రిటిష్ మేనేజరు "క్వైట్ గుడ్" అంటే చాలాసార్లు పర్వాలేదనే. అదే అమెరికావాడు అంటే బాగా మెచ్చుకున్నట్టు. అప్రైజల్లో ఆ మాట వినబడితే "ఎక్కడ మెరుగుపడాలి?" అని అక్కడే అడగండి. "టేబుల్" మరీ ప్రమాదం: బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం. రెండు దేశాలవాళ్లున్న కాల్‌లో ఆ మాటే వాడకండి, "డిస్కస్ టుడే" అనో "పోస్ట్‌పోన్" అనో తేల్చి చెప్పండి.

వేళల సంగతీ అంతే. ఇక్కడ "హాఫ్ సెవెన్" అంటే 7:30. జర్మన్లకు తమ భాషలో అదే వరస 6:30 అవుతుంది. "ప్రీపోన్" బదులు "బ్రింగ్ ఫార్వర్డ్" వాడండి, అయినా పాత టైమూ కొత్త టైమూ అంకెల్లో రాసేయండి: 15:00 నుంచి 14:00కి.