సెర్చ్ చేస్తే వస్తుందట

పడుకుందామనే అనుకున్నా. ఆయన ఎప్పుడో నిద్రపోయారు. నాకే ఆ మాట బుర్రలోంచి పోవట్లేదు.

మా టీములో కొత్తగా చేరిన కుర్రాణ్ణి "ఆ ఫైలు ఏ ఫోల్డర్లో పెట్టావు నాన్నా?" అని అడిగాను. "ఏమో మేడమ్, సెర్చ్ చేస్తే వస్తుంది" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అందుకే ఇంకా మండింది. వాడి స్క్రీన్ చూస్తే డెస్క్‌టాప్ మీద ఐకాన్లు ఒకదాని మీద ఒకటి. డౌన్‌లోడ్స్‌లో ‘రిపోర్ట్ (1)’, ‘రిపోర్ట్ (2)’... అలా 7 దాకా. అసలుది ఏదో వాడికైనా తెలుసా?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కంప్యూటర్లు నడిచింది విండోస్‌కి ముందుతరం డాస్ మీద. ఫైలు పేరుకి ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు. ఆ ఎనిమిదిలోనే నెల, సెక్షను, ఎన్నో కాపీయో అన్నీ ఇరికించాలి. ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. మించితే ముక్కలు చేసి నాలుగైదు ఫ్లాపీల్లోకి ఎక్కించి లేబుళ్ళ మీద నంబర్లు వేసేవాళ్ళం. చివరిది మొరాయించిందా, ముందువన్నీ దండగే. మా సూపర్‌వైజరు గారు ఫ్లాపీలకో రిజిస్టరే పెట్టించారు. సంతకం పెడితేగానీ డ్రాయరు తాళం ఇచ్చేవారు కాదు. విండోస్ 95 వచ్చి పొడుగు పేర్లు పెట్టుకోవచ్చన్నా, ఆయన చాన్నాళ్ళు ఎనిమిది దాటనివ్వలేదు. ఎంత తిట్టుకునేవాళ్ళమో!

ఇదిగో, ఇక్కడే తేడా కొడుతోంది. అదంతా క్రమశిక్షణ అని ఇందాకటిదాకా రాసుకొస్తున్నా గానీ, చోటు లేక చచ్చినట్టు చేశాం, అంతే కదా. 2004లో జీమెయిల్ వచ్చి, ఒక జీబీ ఇచ్చి, సర్దక్కర్లేదు వెతుక్కోండి అంటే ఎగిరి గంతేసింది మనమే. బీరువాలో ఫైళ్ళు చూసినవాళ్ళకి ఫోల్డరంటే ఓ రూపం ఉంటుంది. ఈ పిల్లాడు పుట్టేసరికే సెర్చ్ పెట్టె ఉంది.

పోనీలే అనుకుందామంటే, సాయంత్రం వాడు వెళ్ళిపోయాక అదే ఫైలు కావాల్సొచ్చింది. షేర్డ్ డ్రైవ్ అంతా వెతికా, లేదు. వాడి ల్యాప్‌టాప్‌లో ఉంటే నా సెర్చ్‌కి ఎలా దొరుకుతుంది! ఫోన్ చేస్తే ఎత్తడు. కట్ అయిన మరుక్షణం "హాయ్ మేడమ్, చెప్పండి" అని మెసేజ్. చేతిలోనే ఉందిగా ఫోను! అడగ్గానే ఫైలు పంపాడు. నేను రోజూ వీ-లుకప్ అనే పాత ఎక్సెల్ ఫార్ములాతో కుస్తీ పట్టే షీటుని, దాని బదులు కొత్తగా వచ్చిన ఎక్స్-లుకప్ పెట్టి సరిచేసి మరీ పంపాడు. బాగుంది, కాదనను.

కానీ ఆ ఫోనేదో ఎత్తితే ఏం పోయింది? ఫోల్డర్ల సంగతి వదిలేసినా, రేపు ఇది మాత్రం అడుగుతా.