జరైన్ కూజాల కోసం

కాలేజీలో బాటనీ చెప్పినన్నాళ్లూ, పురుగుల్ని పట్టి తినే కూజా మొక్క నెపెంథిస్‌ను నేను చూసింది ల్యాబ్ సీసాలోనే. ఫార్మలిన్‌లో ఊరి రంగంతా పోయిన కూజా అది. పత్రదళమే ఇలా కూజాగా మారిందని దాన్నే చూపించి పిల్లలకు చెప్పేదాన్ని. ఇప్పుడు బెంగళూరులో, వైట్‌ఫీల్డ్‌లో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. వచ్చే అక్టోబరులో ఆ మొక్కను అది పుట్టిన చోటే చూసి తీరాలని నిర్ణయించుకున్నాను.

"ఇక్కడ నర్సరీలో దొరుకుతుంది కదా అత్తయ్యా, మేఘాలయ దాకా ఎందుకండీ?" అన్నాడు మా అల్లుడు. నిజమే, వేలాడే కుండీల్లో పెట్టి అమ్ముతున్నారు. కానీ అవి ఎక్కువగా సంకరజాతులు. మన దేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ ఖాసియానా ఒక్కటే, అదీ మేఘాలయ కొండల్లోనే. పైగా నేను చూడాలనుకుంటున్నది మొక్కను మాత్రమే కాదు, దాని నేలను కూడా. ఆ రాష్ట్రంలోని మాసిన్‌రాంలో ఏడాదికి సగటున 11,800 మిల్లీమీటర్ల పైన వాన పడుతుంది. బెంగళూరులో పడేది వెయ్యి లోపే. అన్ని వానలకు ఆ కొండల మట్టిలోని సారం కొట్టుకుపోతుంది. వేళ్లకు అందని నత్రజని కోసమే ఆకు చీమల్ని పడుతోంది. ఆ బక్క నేలను చేత్తో తాకి చూడకపోతే నేను చెప్పిన పాఠం సగమే అనిపిస్తుంది.

బాఘ్‌మారా దగ్గర దీనికోసమే చిన్న అభయారణ్యం ఉంది, కానీ గారో కొండల్లో అంత దూరం కారు ప్రయాణం నా మోకాళ్లు ఓర్చుకోలేవు. అందుకే జయంతియా కొండల్లో ఈ మొక్క పెరిగే జరైన్ అనే ఊరికి వెళ్దామనుకున్నాం. గువాహటి దాకా విమానం, అక్కణ్ణుంచి షిల్లాంగ్ వంద కిలోమీటర్లు, తర్వాత జోవాయ్ మీదుగా జరైన్.

ఒక యూవీ టార్చి కూడా కొన్నాను. ఆ కాంతి పడితే కూజా అంచు నీలంగా మెరుస్తుందని 2013లో కేరళలోని పాలోడ్ బొటానికల్ గార్డెన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఆ మెరుపు నా కళ్లతో చూడాలి!

నెపెంథిస్‌లో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. కొండ మీద అక్కడొకటి ఇక్కడొకటి మిగిలితే విత్తనం కట్టదు. బొగ్గు గనులు, పోడు వ్యవసాయం, పీక్కెళ్లి అమ్ముకునేవాళ్లు, అన్నీ కలిసి దాన్ని ఆ స్థితికే తెస్తున్నాయి. అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉన్న మొక్క ఇది, ఒక్క కూజా తెంపినా తప్పే. మనవడికి ఈ మాట ఇప్పటినుంచే చెబుతున్నాను. వాడు వస్తానంటున్నాడు. దసరా సెలవులు ఎప్పుడిస్తారో తెలియగానే టికెట్లు తీయమని అమ్మాయితో చెప్పాను.