ఊరి వెదర్ స్టేషన్‌తో వసంతకాలపు అంచనా: సాయంత్రం ఆరు గంటల లెక్క

ఫోన్ చెప్పే వాతావరణానికీ ఊళ్లో నిజంగా ఉండే వాతావరణానికీ తేడా బాగా బయటపడేది వసంతంలోనే. పగలు ఎండ గట్టిగా కాస్తుంది, గాలిలో తేమ తక్కువ, రాత్రి ఆకాశం తేటగా ఉంటుంది. నేల ఎంత త్వరగా వేడెక్కుతుందో పొద్దు వాలాక అంత త్వరగానూ చల్లారుతుంది. ఊరు పల్లంలో ఉంటే చుట్టుపక్కల గట్ల మీది చల్లగాలి కూడా జారివచ్చి అక్కడే నిలుస్తుంది. పెద్ద మోడళ్లకు, అంటే ఫోన్ అంచనాల వెనకుండే కంప్యూటర్ లెక్కలకు, ఈ పల్లం కనిపించదు. యూరప్‌వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్ సుమారు 9 కిలోమీటర్ల గళ్లతో, అమెరికావాళ్ల జీఎఫ్ఎస్ సుమారు 13 కిలోమీటర్ల గళ్లతో లెక్క వేస్తాయి. ఒక గడిలో పడ్డ కొండ, లోయ, చెరువు అన్నీ కలిసి ఒకే ఎత్తు, ఒకే ఉష్ణోగ్రత అయిపోతాయి. ఆ ఒక్క అంకెను మన పల్లానికి తగ్గట్టు దిద్దడమే ఊరి స్టేషన్ పని.

దిద్దాలంటే ముందు మన అంకెలు నిఖార్సుగా ఉండాలి. థర్మామీటర్ గడ్డి నేల మీద 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తున, గాలి ధారాళంగా ఆడే తెల్లటి గూడులో ఉండాలి. గోడకు బిగించినది రాత్రంతా గోడ వేడినే చెబుతుంది. పళ్లేల్లాంటి ప్లాస్టిక్ గూడు కూడా గాలి ఆడని మిట్టమధ్యాహ్నం ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ చూపించగలదు. అందుకే అలాంటి స్టేషన్‌లో పగటి గరిష్ఠం కంటే రాత్రి కనిష్ఠాన్నే నేను ఎక్కువ నమ్ముతాను. సున్నా సరిచూడటానికి థర్మాస్‌లో చితక్కొట్టిన ఐసు, దాని సందులు నిండేంత నీళ్లు పోసి, నీరు చొరని సంచిలో చుట్టిన సెన్సర్‌ను పావుగంట ఉంచాలి. తేమ సెన్సర్‌కు మామూలు ఉప్పు చాలు. చిన్న మూతలో ఉప్పు వేసి తడి ఇసుకలా అయ్యేంత నీరు మాత్రమే కలపాలి. దాన్నీ సెన్సర్‌నూ ఒకదానికొకటి తగలకుండా ఒకే డబ్బాలో పెట్టి, గట్టిగా మూత పెట్టి, రాత్రంతా వదిలేస్తే 75 శాతం చూపాలి. నీళ్లు ఎక్కువై ఉప్పంతా కరిగిపోతే అంకె పైకి పోతుంది, పరీక్ష చెడుతుంది.

రెయిన్ గేజ్‌కు వసంతం కష్టకాలం. పుప్పొడి, రాలిన పూరేకులు, సాలెగూళ్లు గరాటు అడుగున చేరి వాన నీటిని చుక్కచుక్కగా వదులుతాయి. వాన వెలిసిన గంట తర్వాత కూడా మిల్లీమీటర్లు పెరుగుతుంటే గరాటు మూసుకుపోయిందన్నమాట. 20 సెంటీమీటర్ల వ్యాసం గరాటులో 314 మిల్లీలీటర్ల నీళ్లను అరగంటకు పైగా, సన్నటి ధారగా పోస్తే సరిగ్గా 10 మిల్లీమీటర్లు, అంటే ప్రతి 0.2 మిల్లీమీటర్లకు ఒకసారి నిండి ఒరిగే లోపలి తొట్టి 50 సార్లు ఒరగాలి. ఒక్కసారే కుమ్మరిస్తే తొట్టి ఒరిగేలోపు నీరు పక్కకు పోయి లెక్క తగ్గుతుంది. జోరువానల్లోనూ ఇదే జరుగుతుంది.

గాలి పీడనం కొలిచే బారోమీటర్ విషయంలో చాలామంది ఒకచోట మోసపోతారు. ఉష్ణమండలంలో పీడనం రోజుకు రెండుసార్లు దానంతటదే పెరిగి తగ్గుతుంది: పది గంటల ప్రాంతంలో ఎక్కువ, నాలుగు గంటల ప్రాంతంలో తక్కువ, పగలూ రాత్రీ కూడా. ఆ తేడా 2 నుంచి 3 హెక్టాపాస్కల్స్ ఉంటుంది. మధ్యాహ్నం పీడనం పడిందని వాన చెప్పేస్తే రోజూ చెప్పాల్సి వస్తుంది. నిన్న ఇదే గంటకు ఎంత ఉందో దానితోనే పోల్చాలి.

ఇక అసలు లెక్క. సాయంత్రం ఆరింటికి ఉష్ణోగ్రత, తేమ శాతం రాసుకుని డ్యూపాయింట్, అంటే గాలి ఎంత చల్లబడితే అందులోని ఆవిరి నీరవడం మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రత, కట్టాలి. ఆకాశం తేటగా, గాలి నిలిచి ఉన్న రాత్రి ఉష్ణోగ్రత దాదాపు డ్యూపాయింట్ దాకా జారుతుంది. అక్కడ మంచు పట్టడం మొదలై, ఆవిరి నీరయ్యేటప్పుడు వదిలే వేడి ఆ జారుడుకు అడ్డుకట్ట వేస్తుంది. 100లోంచి తేమ శాతం తీసేసి, 5తో భాగించి, వచ్చినదాన్ని ఉష్ణోగ్రతలోంచి తీసేయమనే చిట్కా అందరికీ తెలిసిందే. అది తేమ 50 శాతం దాటినప్పుడే సరిపోతుంది. వసంతపు సాయంత్రాలు పొడిగా ఉంటాయి కాబట్టి సరిగ్గా అవసరమైనప్పుడే ఆ చిట్కా దెబ్బతీస్తుంది. 14 డిగ్రీలు, 40 శాతం తేమ ఉందనుకోండి. చిట్కా ప్రకారం డ్యూపాయింట్ 2 డిగ్రీలు. డ్యూపాయింట్‌ను ఇంకా కచ్చితంగా ఇచ్చే మాగ్నస్ సూత్రంతో కడితే 0.6. పూత మీదున్న తోటకు ఆ తేడాయే ప్రాణం. పైగా తేట రాత్రి గడ్డి మట్టంలో గూడులోని అంకె కంటే 2 నుంచి 4 డిగ్రీలు తక్కువ ఉంటుంది. గూడులో 2 చూపినా నేల మీద తెల్లగా గడ్డమంచు పేరుకోవచ్చు. పూర్తిగా విచ్చుకున్న యాపిల్ పూత మైనస్ 2.2 దగ్గర అరగంట ఉంటే దాదాపు పదో వంతు మాడుతుంది. మైనస్ 3.9 దగ్గర పదింట తొమ్మిది పోతాయి.

ఈ లెక్కను తప్పించేవి రెండు. సెకనుకు 2 మీటర్లు దాటిన గాలి పైనున్న వెచ్చటి పొరను కిందికి కలుపుతుంది. తక్కువ ఎత్తులో కమ్మిన మబ్బు నేల వదిలిన వేడిని తిప్పి పంపుతుంది. అందుకే రాత్రి పదింటికి బయటికొచ్చి ఆకాశం చూడనివాడు ఈ అంచనా వేయకపోవడమే మంచిది.

మధ్యాహ్నపు ఉరుముల వానకూ డ్యూపాయింటే పనికొస్తుంది. ఉష్ణోగ్రతకూ దానికీ మధ్య తేడాను 125తో గుణిస్తే మేఘం అడుగు ఎన్ని మీటర్ల ఎత్తున ఉంటుందో వస్తుంది: 32కీ 20కీ తేడా 12, అంటే 1500 మీటర్లు. తేడా 20 దాటితే మబ్బు మరీ ఎత్తున కడుతుంది, చినుకులు దారిలోనే ఆరిపోతాయి. అలాంటి రోజు వాన కంటే ఈదురుగాలి గురించే హెచ్చరించాలి. గాలి దిక్కు ఠక్కున మారి, నిమిషాల్లో ఉష్ణోగ్రత 5 నుంచి 10 డిగ్రీలు పడి, పీడనం ఒక్కసారి ఎగిసిందంటే ఉరుముల మేఘం ఊదిన చల్లగాలి ఊరికి చేరినట్టే. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు ఉంటే పిడుగు 10 కిలోమీటర్ల దూరంలో ఉంది, అప్పటికే లోపలికి వెళ్లిపోవాలి. చివరి ఉరుము తర్వాత మరో అరగంట ఆగాలి. ఏ వీధిలో వడగళ్లు పడతాయో మాత్రం ఊరి స్టేషన్ ముందే చెప్పలేదు. అలా చెప్పేవాళ్లను నమ్మకండి.

మోడల్‌ను దిద్దడానికి ఒక నోటుపుస్తకం చాలు. రోజూ మోడల్ చెప్పిన కనిష్ఠం, మనకు నమోదైన కనిష్ఠం పక్కపక్కన రాయాలి. తేట రాత్రులు ఒక పేజీలో, మబ్బు రాత్రులు మరో పేజీలో. తేట రాత్రుల్లో మనం సగటున 3 డిగ్రీలు తక్కువ, మబ్బు రాత్రుల్లో అర డిగ్రీ తక్కువ ఉన్నామనుకోండి, రెండూ కలిపి సగటు కడితే ఏ రాత్రికీ సరిపోని అంకె వస్తుంది. నెల దాటిన వరసలు కొట్టేయాలి, ఎందుకంటే వసంతంలో నెలలోనే నేల తడి, పచ్చదనం మారిపోతాయి. వాన అవకాశాన్ని శాతంలో రాసి, మర్నాడు దానికి మార్కు వేసుకోవాలి: 30 శాతం అన్నాక వాన పడకపోతే 0.3 వర్గం, 0.09. పడితే 0.7 వర్గం, 0.49. సగటు ఎంత తగ్గితే అంత మంచిది. 1950లో గ్లెన్ బ్రయర్ చూపిన పద్ధతి ఇది.

ఊరివాళ్లకు పంపే మాట క్లుప్తంగా, ఏ పనికి ఎలా పనికొస్తుందో తెలిసేలా ఉండాలి: "తెల్లవారుజామున 4 నుంచి 6 మధ్య కనిష్ఠం 2 డిగ్రీలు, పల్లపు తోటల్లో గడ్డమంచు పడే అవకాశం 60 శాతం, గాలి లేదు." పదింటికి మబ్బు కమ్మితే పాతదాన్ని చెరిపేయకుండా, దాని కిందే సమయం వేసి కొత్త అంకె రాయాలి.